అల్ ఖోర్‌లో ఒక పళ్లెం ఎక్కువ పెట్టే ఇల్లు

అమ్మణ్ణీ, నువ్వు రెండేళ్లు పనిచేసిన ఇంటికి నేను మొన్న పోయొచ్చాను. నువ్వున్నప్పుడు ఎన్నిసార్లు రమ్మన్నా లీవు లేదని రాలేదు. నువ్వు లేని ఇంటికి మాత్రం ఒక్క పిలుపుకే బయల్దేరాను.

చదివేవాళ్లకు మొదటి నుంచి చెబుతాను. మాది కడప జిల్లా. ఈ గల్ఫ్ దేశంలో, మెసైమీర్‌లో ఒక ఇంట్లో పదకొండేళ్లుగా వంట చేస్తున్నాను. నా కూతురు అల్ ఖోర్‌లో ఒక ముసలామెను చూసుకునేది. ఆ ముసలామెను బాబ్చా అని పిలిచేది. వాళ్ల భాషలో అవ్వ అని అర్థమట. ఆ కుటుంబం నెలకోసారి శుక్రవారం మా మెసైమీర్‌లో ఉన్న చర్చిల కాంపౌండుకు ప్రార్థనకు వచ్చేది. బయటి నుంచి చూస్తే అది చర్చి అని తెలియదు, గోడ మీద శిలువ గుర్తు కూడా ఉండదు. వాళ్లు లోపల ఉన్న గంటసేపు నేనూ నా బిడ్డా గోడ నీడన కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గాని, మాకు దొరికింది నెలకు ఆ గంటే.

పదకొండు నెలల కింద ఒక శనివారం పడుకున్న పిల్ల ఆదివారం లేవలేదు. ఇరవై ఆరేళ్లు. గుండె అన్నారు. పెట్టె వెంట ఊరికి పోయి, కర్మలు కాగానే తిరిగొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడ్డాను. కానీ ఒక్క మాట నన్ను తినేస్తూ వచ్చింది. శనివారం ఒక్కపొద్దు ఉండు, స్వామి మంచి సంబంధం చూపిస్తాడు అని దానికి చెప్పింది నేనే. పొద్దంతా ఏమీ తినకుండా, సాయంత్రం దీపం పెట్టాకే తినేది. ఆ శనివారం సాయంత్రం ఫోన్ చేస్తే, "ఆకలి లేదుమా, తర్వాత తింటాలే" అనింది. తినిందా? తినకుండానే పోయిందా? ఆ సంగతి తెలిసేదాకా నేనూ పొద్దు గూకినాక మెతుకు ముట్టకూడదని పెట్టుకున్నాను. ఫోన్లో అడగడానికి నోరు రాలేదు. ఆ ఇంటి మేడం హలీనా, అంటే అవ్వ కూతురు, డిసెంబరులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఇరవై నాలుగో తేదీ మా అమ్మ నిన్ను రమ్మంటోంది. మొదటి నక్షత్రం కనపడే లోపల మా ఇంట్లో ఉండాలి" అని. ఎదురుగా నిలబడి అడగడానికే బయల్దేరాను.

మెసైమీర్ నుంచి అల్ ఖోర్ అరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. టాక్సీ అయితే వంద రియాళ్లు దాటుతుందన్నారు. పక్కింటి డ్రైవరు గంగారాం ఆ పొద్దున అటువైపే పోతున్నాడని తెలిసి అడిగాను. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ఆరు గంటలకు పెట్రోలు బంకు దగ్గర నిలబడమన్నాడు. బండి వచ్చి ఆగేదాకా దాని లైట్లు కూడా కనపడలేదు. అంత మంచు.

"అక్కా, జర మెల్లగ ఎక్కు. ఎనక సారు ఉన్నడు" అన్నాడు గంగారాం.

తిరిగి చూస్తే సారు లేడు. వెనక సీటులో, గుడ్డ చుట్టిన కొయ్యగుంజ మీద ఒక డేగ కూర్చుని ఉంది. కళ్లకు తోలు టోపీ తొడిగారు. నా తలుపు చప్పుడుకు తల ఇటు తిప్పింది. కళ్లు లేకుండానే చూసినట్టుంది.

"ఏంది నాయనా ఇది, నా పానం పోయె!"

"మా సారు డేగ. ఎడారిల చలికాలం గుడారాలేసిండ్రు, ఆడికి తోలుకపోతున్న. దీనికి పాస్‌పోర్టు సుత ఉన్నదక్క. జరమొస్తె ఏసీ దవాఖాన. మనకు జరమొస్తె పనడోలు గోలి."

"నీ మొగానికి అదే ఎక్కువలే" అన్నాను. పదకొండు నెలల్లో నేను ఆడిన మొదటి ఎకసెక్కెం అదేనేమో. గంగారాం గట్టిగా నవ్వబోయి డేగకు భయపడి నోరు మూసుకున్నాడు.

మంచు లేని రోజు ముప్పావు గంటలో చేరే దారి. మాకు గంటన్నర పైనే పట్టింది. లుసైల్ దాటాక రోడ్డుకు రెండు వైపులా ఏమీ లేదు. ఎదురుగా వచ్చే బండ్లు కూడా లేవు. ఎవరో తెల్ల దుప్పటి కప్పి మమ్మల్ని మోసుకుపోతున్నట్టుంది. వెనక డేగ కాలి గజ్జె అప్పుడప్పుడు చిన్నగా మోగేది. పెట్రోలుకు ఇరవై రియాళ్లు ఇవ్వబోతే గంగారాం తీసుకోలేదు. "గా ఫులూస్ లోపల వెట్టక్క. మా అమ్మ అయితె ఇస్తుండెనా?" అన్నాడు. నన్ను సముద్రం పక్కన, మడ అడవి వంతెన మొదట్లో దించి, "యల్లా, పదిలం" అని మంచులోకి పోయాడు.

హలీనా నన్ను అక్కడికే రమ్మంది. అవ్వ రోజూ పొద్దున ఆ చెట్లు చూడాల్సిందేనట. చూడాలనుకునేవాళ్లకు చెబుతున్నాను, అక్కడ టికెట్టు లేదు. ఉప్పునీళ్లలో పెరిగే పొట్టి చెట్ల మధ్య నుంచి కొయ్య వంతెన పోతుంది. ఎండలో ఆకుపచ్చగా అందంగా ఉంటుందంటారు. నాకు నాలుగు పలకలు తప్ప ఏమీ కనపడలేదు. కింద బురదలో ఏవో బుడగలు పగులుతున్న చప్పుడు. నడుస్తూ ఉంటే ముందు నుంచి ఏదో కిర్రుకిర్రుమంటూ వస్తోంది. ఆగాను. అదీ ఆగింది.

"ఎవురు?" అనింది ఒక గొంతు.

మా ఊరి మాట. మా ఇంట్లో మేము అనే పద్ధతిలోనే. నా చేతిలో సంచి జారిపోయింది. ఆ తరువాత మంచులో నుంచి ముదురెరుపు చున్నీ బయటికొచ్చింది. నా బిడ్డకు నేను కొనిచ్చిన చున్నీ. దాని కింద ముడతలు పడ్డ తెల్లటి ముఖం. చక్రాల కుర్చీలో అవ్వ, కుర్చీ తోస్తూ హలీనా. హలీనా గబగబా వచ్చి నన్ను పట్టుకుంది. "భయపడకు. మీ అమ్మాయి మా అమ్మకు పది పన్నెండు తెలుగు మాటలు నేర్పింది. రోజూ అవే అంటుంది" అని ఇంగ్లీషులో చెప్పింది. ఇళ్లల్లో పనిచేసి నేర్చుకున్న ఇంగ్లీషు నాకూ కొంత ఉంది. అవ్వ మాటలన్నీ హలీనా చెబితేనే నాకు అర్థమయ్యాయి. ఇక్కడ అవ్వే నాతో చెప్పినట్టు రాస్తున్నాను.

అవ్వ కుర్చీ ఆపించి, చెయ్యి చాపి ఆ తెల్లదనాన్ని చూపించింది. "మా వాళ్లను ఊరి నుంచి పట్టుకుపోయిన పొద్దు ఇట్లాగే ఉండిందని మా అమ్మ చెప్పేది" అనింది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. చుట్టూ మనిషి లేడు, అయినా గుసగుసగానే చెప్పింది.

వాళ్లు పోలండు మనుషులే గాని పోలండులో ఉన్నవాళ్లు కాదు. సరిహద్దుకు ఇవతల, ఉక్రెయిన్ పల్లెల్లో తాతముత్తాతల నుంచి దున్నుకు బతికేవాళ్లు. అప్పటి సోవియట్ సర్కారు వాళ్ల భాషను, వాళ్ల ప్రార్థనను అనుమానించింది. పక్క దేశానికి వేగు చేస్తారని. మొదట బడి మూశారు. తరువాత గుడి మూశారు, పూజారిని పట్టుకుపోయారు. 1936లో పేర్ల పట్టీ పట్టుకొచ్చి కుటుంబాలకు కుటుంబాలను సరుకు రవాణా రైళ్లలో ఎక్కించారు. అవ్వ వాళ్లమ్మకు అప్పుడు పన్నెండేళ్లు. ఎన్నో రోజుల తరువాత కజకిస్తాన్ గడ్డి మైదానంలో దించారు. ఊరు లేదు, చెట్టు లేదు. నేలలో ఒక గుంజ, దాని మీద ఒక అంకె. "ఇదే మీ ఊరు" అన్నారట. చాలా ఏళ్లు ఆ ఊరికి ఆ అంకే పేరు. మట్టి ఇటుకలు చేసుకుని ఇళ్లు కట్టుకునేలోపే చలి వచ్చింది. మొదటి చలికాలంలో ఎవరింట్లో పసిబిడ్డ మిగిలిందో లెక్క చెప్పడం సులువట, పోయినవాళ్లను చెప్పడం కన్నా.

"కాగితం లేకుండా ఊరు దాటకూడదు. మన మీద ఒక అధికారి. నెలనెలా వాడి ముందు నిలబడి ఉన్నాం అని వేలిముద్ర వేయాలి" అనింది అవ్వ. "చచ్చిపోయినవాళ్ల పేరు కూడా పిలిచేవాడట. ఎవరూ పలకకపోతే ఇంకోసారి పిలిచేవాడు."

మంచులో ఎక్కడో ఒక కొంగ అరిచింది. అవ్వ మాట ఆపేసి, ఎవరైనా వస్తున్నారేమోనని అటు చెవి పెట్టింది.

ఇంటికి పది నిమిషాల దారి. గ్యాస్ కంపెనీ వాళ్ల కుటుంబాలు ఉండే కాలనీ, అన్ని ఇళ్లూ ఒకే రకం. హలీనా భర్తకు ఆ రోజు డ్యూటీ, రాత్రికి గాని రాడు. ఇంట్లో మేము ముగ్గురు ఆడవాళ్లమే. వంటింట్లో పని నడుస్తోంది. క్రిస్మస్ ముందు రోజు వాళ్లకు పెద్ద పండగ, ఆ రోజు పొద్దంతా తినరు, మాంసం ముట్టరు, నక్షత్రం చూశాకే తింటారని హలీనా చెప్పింది. వాళ్లదీ ఒక్కపొద్దే. గోధుమలు ఉడికించి తేనె కలిపి చేసే పాయసంలో వాళ్లు గసగసాలు వేస్తారట. ఈ దేశంలో గసగసాలు తేకూడదు కాబట్టి నువ్వులు వేశారు. మన కజ్జికాయల్లాంటివి ఆలుగడ్డ ముద్ద పెట్టి మడుస్తున్నారు. నేనూ చేతులు కడుక్కుని కూర్చున్నాను. నేను అంచులు మెలిపెట్టడం చూసి అవ్వ తలాడించింది. "ఆ పిల్ల కూడా ఇట్లాగే మెలిపెట్టేది. మావి విప్పుకుంటాయి, దానివి విప్పుకోవు" అనింది.

ఇంకో ఘడియ ఆగితే నోరు పెగలదని అడిగేశాను. "అవ్వా, నా బిడ్డ ఆ శనివారం రాత్రి తినిందా?"

హలీనా అవ్వకు చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని, "తినింది. బాగా తినింది. నువ్వు మనసు పాడు చేసుకోకు" అనింది. అవ్వకు మాటలు తెలియకపోయినా ముఖాలు తెలుసు. బల్ల మీద గట్టిగా కొట్టి కూతురిని నిలదీసింది. హలీనా కళ్లు దించుకుని చెప్పింది. బయట చక్రాల కుర్చీయే గాని ఇంట్లో అవ్వ కర్రతో నడుస్తుంది. అప్పుడు లేచి, కర్ర పట్టుకుని, కిటికీ తెరలన్నీ మూసేసి వచ్చి కూర్చుంది. మిట్టమధ్యాహ్నం దాటి ఇంకా గంట కాలేదు. గది సాయంత్రంలా అయింది.

"మా తాతను తరువాతి ఏడాది తీసుకుపోయారు" అని మొదలుపెట్టింది. "అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. చెంచా ఎత్తాడు. తలుపు కొట్టారు. చెంచా పెట్టేసి పోయాడు. మా అమ్మమ్మ ఎన్ని ఆఫీసులు తిరిగినా ఒకటే మాట చెప్పారు. పదేళ్లు శిక్ష, ఉత్తరాలు రాసే హక్కు లేదు అని. ఆమె పదేళ్లు చూసింది. ఇంకో పదేళ్లు. ఇంకో పదేళ్లు. ఈ పండగకు మా వాళ్లందరి ఇళ్లల్లో ఒక పళ్లెం ఎక్కువ పెడతారు, తలుపు తట్టినవాళ్ల కోసం. మా ఇంట్లో ఆ పళ్లెం తాతదే అనుకునేది. తినకుండా పోయాడు, వచ్చి తింటాడు అని. ఆమె పోయిన చాలా ఏళ్లకు కాగితం వచ్చింది. తీసుకుపోయిన ఆ చలికాలమే తుపాకీతో కాల్చేశారని. అబద్ధం ముందు పళ్లెం పెట్టుకుని ఆమె ముప్పై ఏళ్లు కూర్చుంది. నేను నీకు అబద్ధం చెప్పను."

నేను పిండి చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాను.

"పొద్దంతా తినలేదు. నేను రెండుసార్లు తిట్టాను. సాయంత్రం దీపం పెట్టింది, పళ్లెంలో పెట్టుకుంది. రెండు ముద్దలు తినింది. నిద్రొస్తోంది బాబ్చా, పొద్దున తింటా అని మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ పళ్లెం నేను మూడు రోజులు తీయనీయలేదు."

రెండు ముద్దలు. తినలేదని గాని, తినిందని గాని కాదు. నాకు ఏడుపు రాలేదు. "నా వల్లనే పోయిందా?" అని మాత్రం వచ్చింది.

అవ్వ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఆకలితో పోయినవాళ్ల ముఖం ఎట్లుంటుందో మా అమ్మ చూసింది. తన తమ్ముడిదే చూసింది. నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఆ పొద్దున నీ బిడ్డ ముఖం నేను చూశాను. అది ఆ ముఖం కాదు." హలీనా లోపలికి పోయి డాక్టరు కాగితం తెచ్చి వేలు పెట్టి చదివింది. పుట్టుకతోనే గుండెలో లోపం, ఎవరికీ తెలియదు అని. ఆ కాగితం నా దగ్గరా ఉంది. నాకు చదవడం రాదు, చదివినవాళ్లు చెబితే నమ్మబుద్ధి కాలేదు. అవ్వ చెబితే నమ్మాను.

అయిదు దాటాక మిద్దె మీద నుంచి హలీనా నక్షత్రం చూసి వచ్చింది. బల్ల మీద తెల్ల గుడ్డ, దాని కింద కొంచెం ఎండుగడ్డి, కొవ్వొత్తి ఒకటి. మనుషులం ముగ్గురం, పళ్లేలు నాలుగు. నేను వాళ్లు కూర్చునేలోపు సంచిలో నుంచి ఓళిగలు తీశాను, మీలో కొందరు బొబ్బట్లు అంటారు. నా బిడ్డకు ప్రాణం. రెండు ముద్దలే తిన్న పిల్లకు మిగతాది పెట్టాలని మధ్యాహ్నం ఆ మాట విన్నప్పటి నుంచే అనుకున్నాను. ఆ నాలుగో పళ్లెంలో నాలుగు ఓళిగలు, నెయ్యి, వాళ్ల పాయసం, కజ్జికాయలు అన్నీ వడ్డించాను. హలీనా "అయ్యో, అది ఖాళీగా ఉండాలి" అంటోంది. నాకు వినపడలేదు. మా వైపు పోయినవాళ్లకు పెడితే, వాళ్లు నెమ్మదిగా తినాలని తలుపు మూసి అందరం బయట కాసేపు నిలబడతాం. తరువాత తలుపు తట్టి, చెప్పి, లోపలికి పోతాం. వాళ్లిద్దరూ వంటింట్లోకి పోగానే, చెప్పకుండా, నేను అలవాటు కొద్దీ బయటికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను.

వరండాలో చీకటి పడింది, మళ్లీ మంచు దిగుతోంది. ఎదురింటి లైటు ఉందా లేదా అన్నట్టుంది. లోపల పళ్లెం కదిలినట్టు చప్పుడైంది. నా బిడ్డ అన్నం ముందు పళ్లేన్ని తన వైపు జరుపుకునేది, అచ్చం అదే చప్పుడు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తిననీ, ఇంకొంచెం తిననీ అనుకుంటూ ఎంతసేపు ఉన్నానో తెలియదు. తరువాత మూడుసార్లు తలుపు తట్టాను.

లోపల మాటలు టక్కున ఆగిపోయాయి. తలుపు కింద వెలుతురు గీత ఉండింది, అది పోయింది. ఎవరో కొవ్వొత్తి ఆర్పేశారు. ఆ ఇంట్లో ఊపిరి పీల్చే చప్పుడు కూడా లేదు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. తలుపు తట్టడం అంటే ఆ ఇంటికి ఏమిటో పొద్దున్నించీ వింటూనే ఉన్నాను గదా! ఇంకోసారి తట్టబోయిన చెయ్యి దించుకున్నాను.

కర్ర చప్పుడు మెల్లగా దగ్గరికొచ్చింది. తలుపు తెరిచింది అవ్వే. హలీనా ఆరిన కొవ్వొత్తి పట్టుకుని వెనక నిలబడింది. అవ్వ నన్ను పై నుంచి కిందికి చూసి ఏదో అనింది. హలీనాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "నాలుగో పళ్లెం చచ్చిపోయినవాళ్లది కాదు, తట్టినవాళ్లది. మా అమ్మ వాళ్ల అమ్మమ్మ ఇంటికి ఒక పండగ రోజు, నెలనెలా వేలిముద్ర వేయించుకునే ఆ అధికారే వచ్చి తట్టాడట. ఎవరి కోసం ఈ పళ్లెం అని అడిగాడట. ఆమె ఏం చేస్తుంది, నీ కోసమే, కూర్చో అనింది. వాడు గీకి గీకి తిని, ఎవరికీ చెప్పకుండా పోయాడు. వాడికే పెట్టినవాళ్లం, నీకు పెట్టమా అంటోంది" అని చెప్పింది.

అవ్వ నా మణికట్టు పట్టుకుని తీసుకుపోయి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. నేను నా బిడ్డకు వడ్డించిన పళ్లెం నా ముందుంది. మా వైపు కూడా పోయినవాళ్లకు పెట్టిన అన్నం తరువాత ఇంట్లోవాళ్లు తినేదే. హలీనా మళ్లీ కొవ్వొత్తి వెలిగించింది. బయట పూర్తిగా పొద్దు గూకింది. ఓళిగ తుంచి నోట్లో పెట్టుకున్నాను. మొదటి ముద్ద దిగలేదు. రెండోది దిగింది. అక్కడ ఆగబోయాను. అవ్వ నా పళ్లెం వైపు చూస్తూనే ఉంది. మూడో ముద్ద పెట్టుకున్నాను. అన్నీ తిన్నాను.

ఏడు గంటలకు హలీనా బస్టాపులో దించింది. సర్కారీ బస్సులో లుసైల్ దాకా వచ్చి, మెట్రో పట్టుకున్నాను. మెట్రోకు రెండు రియాళ్లు, బస్సుకు ఇంకో నాలుగు లోపే. స్టేషను నుంచి ఇంటి దగ్గరికి వచ్చే చిన్న బస్సు ఉచితం. తొమ్మిదిన్నరకు గదిలో ఉన్నాను.

నిద్ర పట్టలేదు గాని భయం లేదు. ఎక్కడి మనుషులు, ఎక్కడి రైళ్లు! వాళ్ల తాత ముఖం నాకు తెలియదు, వాళ్ల భాష ఒక్క మాట రాదు. కానీ అన్నం ముందు నుంచి లేచిపోయినవాళ్ల కోసం ఇంత కాలం కూర్చున్నది నేనొక్కదాన్నే కాదు. సర్కారు పేరు తీసేసి అంకె పెట్టినా, ప్రార్థన గుసగుసకు దింపినా, ఆ ఆడవాళ్లు ఒక పళ్లెం మాత్రం కడిగి కడిగి పెడుతూ వచ్చారు. నా బిడ్డ ఆ ఇంట్లో రెండేళ్లు ఉండింది. ఒంటరిగా లేదు. రెండు ముద్దలు తినింది. ఇది నిజం, దీంతో నేను బతకగలను.

అల్ ఖోర్ పోయేవాళ్లు డిసెంబరు, జనవరిలో అయితే పొద్దున తొమ్మిది దాటాకే బయల్దేరండి. మంచు ఉన్నప్పుడు రోడ్డు కనపడదు, మడ అడవి వంతెన పలకలు తడిసి జారతాయి, అడుగు పట్టుకునే చెప్పులు వేసుకోండి. ఇంకేం చెప్పను. ఇప్పటిదాకా తినకుండా ఇది చదువుతుంటే లేవండి, వేళకు కడుపునిండా అన్నం తినండి.